ఐస్‌ఏజ్ పుట్టిన వీధుల్లో: కోపెన్‌హేగన్ యాత్ర

గురువారం

గోథెన్‌బర్గ్ నుంచి కోపెన్‌హేగన్‌కి నేరుగా రైలుంది, మూడున్నర నాలుగు గంటలు పడుతుంది. హాల్మ్‌స్టాడ్, లుండ్, మాల్మో దాటాక ఓరెసుండ్ వంతెన వస్తుంది, సముద్రం మీద దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పోయాక ఒక కృత్రిమ దీవి, ఆ తర్వాత సొరంగం, బయటపడితే డెన్మార్క్. 2022 అక్టోబర్‌లో నాలుగు సెలవులు కలిసొచ్చాయి. స్వీడన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ళు చాలామంది ఈ రైలెక్కేది కోపెన్‌హేగన్ ఎయిర్‌పోర్ట్ కోసం. నేను ఎక్కింది ఐస్‌ఏజ్ కోసం.

ఐస్‌ఏజ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కోపెన్‌హేగన్ పంక్ బ్యాండ్, 2008లో మొదలైంది. పంక్ అంటే సొగసులు లేకుండా వేగంగా, గట్టిగా వాయించే రాక్. పాడేది ఎలియాస్ రోన్నెన్‌ఫెల్ట్, గిటార్ యోహాన్ వీత్, బేస్ యాకోబ్ ప్లెస్, డ్రమ్స్ డాన్ నీల్సన్. మొదలెట్టేనాటికి అందరూ స్కూలు వయసు పిల్లలే. 2011 నుంచి 2021 దాకా ఐదు ఆల్బమ్‌లు చేశారు, ఒక దానికీ ఇంకో దానికీ పోలిక వెతుక్కోవాల్సిందే, అంతలా మారుతూ వచ్చారు. నాలుగు రోజుల్లో ఐదు ఆల్బమ్‌లూ వరస తప్పకుండా వింటూ, అవి ఏ వీధుల్లోంచి వచ్చాయో ఆ వీధుల్లో నడవాలని నా ప్లాన్.

మా పిన్ని కూతురు అక్కడే మాస్టర్స్ చేస్తోంది. స్టేషన్‌కి వచ్చింది. బ్యాగు తన గదిలో పడేసి, టీ తాగి, మెట్రోలో నోర్రెబ్రోస్ రుండెల్ స్టేషన్‌లో దిగాం. డ్రైవర్ లేని మెట్రో, ఈ రింగ్ లైన్ 2019లో తెరిచారు. పైకొస్తే ఒక పక్క స్మశానం గోడ, ఇంకో పక్క షవర్మా కొట్లు, మధ్యలో ఆగకుండా సైకిళ్ళు. అక్కడ్నుంచి యాగ్ట్‌వై వీధిలో కొంచెం నడిస్తే 69వ నంబరు.

69వ నంబరులో ఏమీ లేదు. రెండు భవనాల మధ్య కంకర నేల, పక్కింటి గోడ నిండా గ్రాఫిటీ.

"అన్నా, ఈ ఖాళీ జాగా చూడ్డానికా అంత దూరం నుంచి వచ్చావ్?" అంది మా చెల్లి. అప్పుడు అక్కడే నిలబడి తనకి కథంతా చెప్పాను, ఇక్కడా చెప్తాను, ఇది తెలియకుండా ఈ బ్యాండ్ పాటలు వింటే సగమే అర్థమవుతుంది.

1897లో ఇక్కడ కార్మికులు తమ కోసం ఒక భవనం కట్టుకున్నారు, ఫోల్కెట్స్ హూస్ అనేవారు, ప్రజల ఇల్లు అన్నమాట. 1910 ఆగస్టులో అంతర్జాతీయ సోషలిస్టు మహిళల సమావేశం ఈ ఇంట్లోనే జరిగింది. ఏటా ఒక మహిళా దినోత్సవం జరుపుకోవాలని జర్మనీ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ ప్రతిపాదించింది ఇక్కడే. మార్చి 8న మన ఊళ్ళలో స్కూళ్ళలో, ఆఫీసుల్లో, అంగన్‌వాడీల్లో జరిగే సభలన్నిటి మూలం ఈ కంకర నేల మీద ఒకప్పుడున్న హాల్లో ఉంది. మా చెల్లి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి వాళ్ళమ్మకి ఫొటో పంపింది.

1982లో నగరపాలక సంస్థ ఈ భవనాన్ని యువకుల చేతికిచ్చింది. అప్పట్నుంచి దాని పేరు ఉంగ్‌డోమ్స్‌హూసెట్, యువజనుల ఇల్లు. పంక్ కచేరీలు, తక్కువ ఖర్చుతో అందరూ కలిసి వండుకు తినే వంటగది, వారానికోసారి సోమవారం మీటింగ్. ఆ మీటింగ్‌లో ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే. ఇలా ఇరవై నాలుగేళ్ళు నడిచింది. మధ్యలో నగరం దాన్ని అమ్మేసింది, చివరికి ఒక క్రైస్తవ మత బృందం చేతికి వెళ్ళింది. కోర్టులు ఖాళీ చేయమన్నాయి, లోపలున్నవాళ్ళు కదిలేది లేదన్నారు. 2007 మార్చి 1 పొద్దున్నే పోలీసులు హెలికాప్టర్ వేసుకొచ్చి పైకప్పు మీద దిగారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఈ నోర్రెబ్రో పేటంతా మంటలు, రాళ్ళు, బాష్పవాయువు, వందల అరెస్టులు. మార్చి 5న కూల్చడం మొదలుపెట్టారు, మర్నాటికి ఇల్లు లేదు.

పోయిందిలే అని ఎవరూ ఇంటికి పోలేదు. ప్రతి గురువారం ఊరేగింపు. ఒక గురువారం, రెండు గురువారాలు కాదు, ఏడాదికి పైగా, వానైనా మంచైనా. చివరికి నగరం దిగొచ్చింది, 2008 జూలై 1న డోర్తేయావై వీధిలో ఇంకో భవనం ఇచ్చింది. ఐస్‌ఏజ్ మొదలైన ఏడాది కూడా 2008. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం గురించి నాకు పెద్ద సిద్ధాంతమేం లేదు, కానీ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఒక ఇంటి గురించి కొట్టుకుంటున్నప్పుడు పద్నాలుగూ పదిహేనేళ్ళ పిల్లలకి ఒక సంగతి బాగా ఎక్కుతుంది: గట్టిగా వాయించుకోవడానికి ఒక గది ఉండటం అంత తేలిగ్గా వచ్చే విషయం కాదని.

తర్వాత అసిస్టెన్స్ స్మశానంలోకి వెళ్ళాం. తత్వవేత్త కీర్కెగార్డ్, పిల్లల కథలు రాసిన ఆండర్సన్ సమాధులు ఇక్కడే ఉన్నాయి, అయితే ఊరివాళ్ళకి ఇది పార్కు కూడా, పరిగెత్తేవాళ్ళు, పిల్లల్ని బండ్లలో తోసేవాళ్ళు, బెంచీ మీద బీరు తాగేవాళ్ళు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఆల్బమ్ 'న్యూ బ్రిగేడ్' పెట్టాను. 2011లో వచ్చింది. 12 పాటలు, మొత్తం 24 నిమిషాలు. ఒక చుట్టు తిరిగేలోపు అయిపోతుంది. గిటార్ శ్రుతి ఎక్కడో జారుతున్నట్టుంటుంది, డ్రమ్స్ తరుముకొస్తుంటాయి, పాట పడిపోతుందేమో అనుకున్న చోట పడకుండా నిలబడుతుంది. చాలామంది దీన్ని కోపం అంటారు. నాకు కోపం కంటే తొందర ఎక్కువ వినిపిస్తుంది. ఈ గది ఎన్నాళ్ళుంటుందో తెలీదు, ఉన్నప్పుడే వాయించేద్దాం అనే తొందర.

శుక్రవారం

పొద్దున్న వాన. మా చెల్లికి క్లాసులున్నాయి. నేను రొట్టె, చీజ్ తిని 'యూ ఆర్ నథింగ్' వింటూ నోర్వెస్ట్ వైపు బయల్దేరాను. నోర్వెస్ట్ అంటే నోర్రెబ్రో దాటాక వచ్చే పాత కార్మికుల పేట. ఇటుక అపార్ట్‌మెంట్లు, మెకానిక్ షెడ్లు, టర్కీ వాళ్ళ కూరగాయల షాపులు. దారిలో సూపర్‌కీలెన్ అనే పార్కు తగిలింది, నేలంతా ఎర్రగా గులాబీగా వేశారు, ఫొటోలకి జనం వస్తారు, నేను ఆగలేదు.

ఈ రెండో ఆల్బమ్ 2013లో మటాడోర్ అనే న్యూయార్క్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చింది. 28 నిమిషాలు. మొదటిదాన్ని అమెరికా విమర్శకులు ఆకాశానికెత్తారు, అమెరికా పంక్‌కి పెద్దదిక్కు లాంటి గాయకుడు ఇగ్గీ పాప్ కూడా వీళ్ళ పేరెత్తి మెచ్చుకున్నాడు. ఆ వయసులో అంత పొగడ్త వస్తే చాలామంది అదే పాట మళ్ళీ చేస్తారు. వీళ్ళు 'మోరల్స్' అనే పాటలో పియానో తెచ్చిపెట్టారు, అందులో స్వరం ఇటాలియన్ గాయని మీనా పాడిన ఒక పాత పాట నుంచి తీసుకున్నారు. డెన్మార్క్ పంక్ పిల్లలు అరవైల ఇటాలియన్ పాప్ వింటున్నారన్నమాట. పైగా ఒక పాట పూర్తిగా డేనిష్‌లో పాడారు.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. తొలి రోజుల్లో ఎలియాస్ గీసి ప్రింట్ తీసి పంచిన బొమ్మల పత్రికల గురించి, బ్యాండ్ గుర్తుల గురించి పెద్ద గొడవైంది, ఫాసిస్టు చిహ్నాలతో ఆడుకుంటున్నారని చాలామంది రాశారు. బ్యాండ్ గట్టిగా ఖండించింది. నేను వాళ్ళ మాటని నమ్ముతాను, కానీ అడిగినవాళ్ళది తప్పని మాత్రం అనను. అటువంటి బొమ్మ గోడ మీద కనబడితే భయపడాల్సిన చర్మం రంగు నాది. అడగాలి. అడిగాక జవాబు వినాలి, ఆ తర్వాత పదేళ్ళు వాళ్ళు ఏం చేశారో చూడాలి.

డోర్తేయావై 61. బయట నుంచి చూస్తే రంగులేసిన పాత ప్రభుత్వ స్కూల్లాగా ఉంది. గేటు దగ్గర సైకిళ్ళ గుట్ట. ఆ రాత్రి చిన్న బ్యాండ్‌ల కచేరీ ఉందని గోడ మీది పోస్టర్ చూసి తెలుసుకుని, సాయంత్రం మా చెల్లిని కూడా లాక్కెళ్ళాను. తలుపు దగ్గర ఒక అమ్మాయి టికెట్ డబ్బులు తీసుకుంటూ ఇంటి నియమాలు గుర్తుచేసింది: జాతి ద్వేషం వద్దు, ఆడవాళ్ళని కించపరచడం వద్దు, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం వద్దు, హింస వద్దు, హార్డ్ డ్రగ్స్ వద్దు. పాత ఇంటి నుంచి వస్తున్న నియమాలే ఇవి. ఇక్కడ ఫొటోలు తీస్తే ఎవరికీ నచ్చదు, ఫోన్ జేబులోనే ఉంచాను.

లోపల తక్కువ ఎత్తు స్టేజి. మొదటి బ్యాండ్‌లో ముగ్గురమ్మాయిలు, ఒకబ్బాయి, ఎవరికీ పద్దెనిమిది దాటినట్టు లేవు. డ్రమ్స్ కింద పాత తివాచీ పరిచారు, పెద్ద డ్రమ్ కొట్టినప్పుడల్లా ముందుకు జారకుండా దాని ముందు ఒక సిమెంటు ఇటుక పెట్టారు. బేస్ వాయించే అమ్మాయి పట్టీ మెడ దగ్గర ఊడిపోయింది. ఆమె వంగి, తన బూటు లేసు ఒకటి లాగి, పట్టీ రంధ్రంలోంచి దూర్చి గిటార్ గుండీకి మూడు ముడులేసింది. అంతసేపూ డ్రమ్మర్ ఒక్క దెబ్బ కూడా ఆపలేదు, ముందున్న పాతిక ముప్ఫై మంది చప్పట్లు కొడుతూనే ఉన్నారు. లేచి, లేసు లేని బూటుతో కాలు తడుతూ, ఎన్, తో, త్రె, ఫీర్ అని లెక్క పెట్టి మొదలెట్టింది. పాట నిమిషంన్నర. శ్రుతి సరిగా లేదు, మైకు కీచుమంది. నాకు ఒళ్ళు జలదరించింది.

బయటికొచ్చాక మా చెల్లి "అన్నా, వాళ్ళకి వాయించడం ఇంకా రాదు కదా" అంది. రాదు. అందుకే ఆ గది కావాలి. ఇంకా వాయించడం రానప్పుడు కూడా ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టే మనుషులున్న గది ఒకటి ఊళ్ళో ఉంటే, అందులోంచి పదేళ్ళకి ఒక ఐస్‌ఏజ్ వస్తుంది. మిగతా బ్యాండ్‌ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అయినా నష్టమేం లేదు. మన హైదరాబాద్‌లో, విజయవాడలో గిటార్ పట్టిన పిల్లలు ఇంట్లో దుప్పట్లు కప్పుకుని రికార్డ్ చేసుకుంటుంటారు, వాళ్ళు మొదటి కచేరీ ఎక్కడ చెయ్యాలి అని రాత్రంతా ఆలోచిస్తూ పడుకున్నాను.

శనివారం

వాన ఆగింది, గాలి మాత్రం కోస్తోంది. రాగ్న్‌హిల్‌గేడ్ వీధికి వెళ్ళాను. అక్కడ మేహెమ్ అనే చోటుంది, వీళ్ళ తరం బ్యాండ్‌లకి రిహార్సల్ గది, కచేరీ హాలు రెండూ అదే. పగటిపూట చూస్తే ఫ్యాక్టరీ ఆవరణలో ఒక తలుపు, అంతే. ఐస్‌ఏజ్‌తో పాటు లోవర్, సెక్స్‌డ్రోమ్ లాంటి బ్యాండ్‌లు, 2009లో మొదలైన పోష్ ఐసొలేషన్ అనే చిన్న లేబుల్, అందరూ ఈ చుట్టుపక్కలే తిరిగారు. ఒకరి బ్యాండ్‌లో ఇంకొకరు. ఎలియాస్‌కే పక్కన వార్ అనే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) బ్యాండ్, మార్చింగ్ చర్చ్ అనే ఇంకో బ్యాండ్ ఉన్నాయి. బయటి దేశాల పత్రికలు వీళ్ళని ఒంటరి అద్భుతంలా రాశాయి గానీ, వీధిలో నిలబడి చూస్తే ఇది ఒక పేట చేసిన పని.

పేటకంటే ముందు తాతలూ ఉన్నారు. మధ్యాహ్నం నగరం మధ్యలో సరస్సుల చివరున్న టైకో బ్రాహే ప్లానెటేరియం దగ్గరికి వెళ్ళాను. అది కట్టకముందు అక్కడ సాల్ట్‌లాగెరెట్ అనే కచేరీ హాలు ఉండేది, కోపెన్‌హేగన్ తొలి పంక్ తరం కలుసుకున్న చోటు. 1977లో మొదలైన సోడ్స్ అనే బ్యాండ్ 1979లో చేసిన ఆల్బమ్‌ని డెన్మార్క్ తొలి పంక్ ఆల్బమ్ అంటారు. తర్వాత వాళ్ళు పేరు సోర్ట్ సోల్ అని మార్చుకున్నారు, పాట కూడా మార్చేసుకున్నారు, తొంభైల్లో దేశమంతా తెలిసిన పెద్ద రాక్ బ్యాండ్ అయ్యారు. వాళ్ళ గిటారిస్టు పీటర్ పీటర్ సినిమాలకి సంగీతం చేశాడు. అంటే ఈ ఊళ్ళో పంక్ బ్యాండ్ పెరిగి ఇంకోటి అవ్వడం ద్రోహం కిందకి రాదు, అదొక దారి, ముందే వేసి ఉంది.

ఆ దారి ఐస్‌ఏజ్ మూడో ఆల్బమ్‌లో బాగా తెలుస్తుంది. 'ప్లోయింగ్ ఇంటు ద ఫీల్డ్ ఆఫ్ లవ్', 2014. సరస్సు గట్టున నడుస్తూ విన్నాను, ఇది 48 నిమిషాలు, మొదటి ఆల్బమ్‌కి సరిగ్గా రెట్టింపు. మాండొలిన్, వయోలా, ట్రంపెట్, పియానో. 'ద లార్డ్స్ ఫేవరెట్' అనే పాట వింటే అమెరికా పల్లెటూరి సారా కొట్టులో వాయిస్తున్నట్టుంటుంది, అదీ తూలుతూ. అప్పట్లో పాత అభిమానులు కొందరు గింజుకున్నారు, స్పీడు ఏదీ అని. నాకు మాత్రం ఐదింట్లో ఇదే ఎక్కువ ఇష్టం, వాదించడానికి రెడీ. ముందు రెండు ఆల్బమ్‌లలో ఎలియాస్ మాటలు చప్పుడు కింద నలిగిపోతాయి. ఇక్కడ గొంతు ముందుకొచ్చింది, తాగినవాడి గొంతులా బరువుగా, గర్వంగా, సిగ్గుగా, అన్నీ ఒకేసారి. 'ఫరెవర్' పాట చివర్లో ట్రంపెట్ వచ్చేటప్పుడు నేను నడక ఆపేశాను. డ్రమ్స్ ఇంకా తరుముతూనే ఉంటాయి, పైన ట్రంపెట్ పెళ్ళి ఊరేగింపులా లేస్తుంది. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకి ఇంత దూరం రావడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం ఎక్కడ దొరికిందో నాకు నిన్న రాత్రి చూశాక కొంత అర్థమైంది: పడిపోయినా పర్లేదు అని నేర్పిన చోట పెరిగారు వీళ్ళు.

సాయంత్రం మా చెల్లి పప్పుచారు, బంగాళదుంప వేపుడు చేసింది. తన రూమ్మేట్‌లకి కూడా పెట్టింది. అందులో ఒక డేనిష్ అబ్బాయి ఆ గురువారం ఊరేగింపుల గురించి తన అక్క చెప్పిన కథలు చెప్పాడు. ఇంట్లో వద్దన్నా వెళ్ళేదట.

ఆదివారం

తిరుగు ప్రయాణం. పొద్దున్నే కొంచెం సేపు క్రిస్టియానియా, అంటే జనం ఆక్రమించి సొంతంగా నడుపుకుంటున్న పేట, తిరిగొచ్చాం, పర్యాటకులు ఎక్కువ, దాని గురించి రాసినవాళ్ళూ ఎక్కువ, నేను వదిలేస్తున్నా. స్టేషన్ దగ్గర బండి మీద హాట్‌డాగ్ తిన్నాను, వేయించిన ఉల్లి, దోసకాయ ముక్కలు వేసి ఇస్తారు. మా చెల్లి "మళ్ళీ రా అన్నా, ఈసారి పెద్ద కచేరీ ఉన్నప్పుడు రా" అంది.

రైల్లో నాలుగో ఆల్బమ్ 'బియాండ్‌లెస్', 2018. ఈ యాత్ర ఆలోచన అసలు దీని వల్లే వచ్చింది, దీన్ని రికార్డ్ చేసింది నేనుండే గోథెన్‌బర్గ్‌లోనే, కుంగ్‌స్టెన్ స్టూడియోలో. టేపు మీద, పూర్తిగా పాత పద్ధతిలో. స్కై ఫెరేరా అనే అమెరికా గాయని 'పెయిన్ కిల్లర్'లో ఎలియాస్‌తో కలిసి పాడింది, వెనక బాకాలు మోగుతుంటాయి. వయొలిన్లు, శాక్సఫోన్ అన్నీ ఉన్నాయి, అయినా గది వాసన పోలేదు, నలుగురూ ఒకరికొకరు చూసుకుంటూ వాయిస్తున్నట్టే ఉంటుంది. మాల్మో దాటి లుండ్ వచ్చేసరికి అయిపోయింది, మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.

హాల్మ్‌స్టాడ్ తర్వాత చివరిది, 'సీక్ షెల్టర్', 2021. దీనికోసం లిస్బన్ వెళ్ళారు. నమూష్ అనే పాత స్టూడియో, అరవైల నాటిది, పైకప్పు కారుతోంది. వానాకాలం. నీళ్ళు పడేచోట బకెట్లు పెట్టి, టప్ టప్ శబ్దం మైకుల్లోకి ఎక్కకుండా బకెట్ల మీద గుడ్డలు కప్పి, మడుగుల మధ్య సామాన్లు సర్దుకుని వాయించారు. వాళ్ళు ఒక ఆల్బమ్ మీద అన్నాళ్ళు కూర్చోవడం అదే మొదటిసారి, అదీ పన్నెండు రోజులే. నిర్మాత సోనిక్ బూమ్ అనే సంగీతకారుడు, రెండో గిటార్‌కి కాస్పర్ మోరియా ఫెర్నాండెజ్ కొత్తగా చేరాడు, మొదటి పాటకి లిస్బన్ గోస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాల) బృందం గొంతు కలిపింది. 'హై అండ్ హర్ట్' పాటలో ఒక పాత క్రైస్తవ భజన వరస వినబడుతుంది. దీన్ని పంక్ అనొచ్చా అని వాదించేవాళ్ళున్నారు. నేను అంటాను. కారే కప్పు కింద బకెట్ మీద గుడ్డ కప్పి పాట పూర్తి చేసేవాళ్ళకీ, బూటు లేసుతో బేస్ కట్టుకున్న ఆ అమ్మాయికీ మధ్య నాకు తేడా కనబడలేదు.

'సీక్ షెల్టర్' తర్వాత ఐస్‌ఏజ్ 2022లో, ఆల్బమ్‌లలో చేరని పాటల సంకలనం ఒకటి తెచ్చింది. 2024లో ఎలియాస్ తన సొంత పేరు మీద 'హెవీ గ్లోరీ' చేశాడు, గిటార్, హార్మోనికా ఎక్కువగా ఉన్న మెత్తటి ఆల్బమ్, ఎషో అనే ఆ పాత కోపెన్‌హేగన్ లేబుల్ మీదే, 'న్యూ బ్రిగేడ్'ని మొదట తెచ్చింది కూడా వాళ్ళే.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే: యాగ్ట్‌వై 69, అసిస్టెన్స్ స్మశానం రెండూ ఒకే మెట్రో స్టేషన్ దగ్గర, ఒక పూట చాలు. డోర్తేయావైకి పగలు వెళ్ళి ప్రయోజనం లేదు, కచేరీ ఉన్న రోజు వెళ్ళండి, ఫోన్ బయటికి తీయకండి, చెవులకి ప్లగ్‌లు పెట్టుకోండి. వినడం మాత్రం 'ప్లోయింగ్'తో మొదలుపెట్టండి. అది నచ్చితే వెనక్కి వెళ్ళి ఆ 24 నిమిషాలు వినండి, అప్పుడు ముందుకి.